అలవాటు పడింది ఒళ్లు కాదు

మారతహళ్లి వెనక సందుల్లో ఒక పీజీ. మూడో అంతస్తు, గదికి ముగ్గురు. వాన పట్టుకుని నాలుగు రోజులైంది. బాల్కనీలో తాడు మీద ఆరేసిన జీన్స్‌ను పట్టుకుంటే నడుము పట్టీ, జేబులు ఇంకా చల్లగా తగులుతున్నాయి. అదే ప్యాంటు మర్నాడు ఆఫీసుకు వేసుకుపోతానన్నాడు మా పిన్ని కొడుకు. "ఒంటి మీదే ఆరిపోతాదిలే అన్నా" అన్నాడు.

చొక్కా కొంచెం పైకెత్తి బెల్టు పెట్టుకునే చోటు చూపించాడు. అరచేయంత వలయం. అంచు ఎర్రగా ఉబ్బి సన్నటి పొలుసు లేచి ఉంది. మధ్యలో చర్మం దాదాపు మామూలుగానే, కాస్త నల్లబడి ఉంది. దాన్ని ఆనుకుని ఇంకో వలయం, దాని లోపల మరొకటి. తామర, అంటే చర్మానికి పట్టే ఫంగస్.

"ఏడాదిన్నర నుంచి ఇంతే అన్నా. పూస్తే వారంలో పోతాది. ఆపితే పది దినాలకు మళ్లీ వస్తాది. మందు ఒంటికి అలవాటైపోయినట్టుంది."

ట్యూబు చూపించమన్నాను. కింది నుంచి చుట్ట చుట్టుకుంటూ వచ్చి, మెడ దాకా పిండేసిన ట్యూబు. మందుల షాపులో నోటిమాటగా అడిగి తెచ్చుకున్నది. వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో మూడు పేర్లు ఉన్నాయి: ఫంగస్ కోసం మైకోనజోల్, బ్యాక్టీరియా కోసం నియోమైసిన్, వీటితో పాటు క్లోబెటసాల్.

నేను డాక్టరును కాను. మైక్రోబయాలజీ చదువుకుని ఈ ఊళ్లోనే ఒక ల్యాబులో కల్చర్ ప్లేట్లు చూసే ఉద్యోగం చేస్తున్నాను. అయినా ఇంటి తరఫు వాళ్లందరికీ నేను సగం డాక్టరునే. వాడి నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాట, 'మందు అలవాటైపోయింది', నేను వారానికి రెండు సార్లయినా వింటాను. మా అమ్మ అంటుంది, క్యాబ్ డ్రైవర్ అంటాడు, ఒక్కోసారి రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన పెద్దాయన అంటాడు. ఇంతకీ అలవాటు పడింది ఎవరు? ఎలా? ఒళ్లు కాదు, ఫంగస్ అన్నది నా వాదన.

వాడి కేసులో ముందు క్లోబెటసాల్ సంగతి తేల్చేయాలి, ఎందుకంటే అది ఫంగస్ తెలివితేటల కింద లెక్కకు రాదు. క్లోబెటసాల్ చర్మానికి పూసే స్టెరాయిడ్లలో అన్నిటికన్నా ఘాటైన వర్గానికి చెందింది. తామరలో కనబడే ఎరుపు, దురద చాలావరకు మన రక్షణ కణాలు ఫంగస్ మీద చేసే గొడవ. స్టెరాయిడ్ ఆ గొడవను ఆపుతుంది. దురద తగ్గగానే జబ్బు తగ్గిందనుకుంటాం. కాపలావాళ్లు నిద్రపోయిన ఇంట్లో ఫంగస్ తాపీగా పాకుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్ నిబంధనను బిగించింది. నిబంధన ఎలా అమలవుతోందో మా వాడి ట్యూబు చూస్తే తెలుస్తుంది.

ఇక అసలు విషయం, అంటే మందు తగిలినప్పుడు ఫంగస్ లోపల ఏం జరుగుతుందన్నది. దీని మీద లోతైన పరిశోధన తామర ఫంగస్ కన్నా క్యాండిడా అనే ఈస్ట్ మీద ఎక్కువ జరిగింది. అందుకని అక్కడ మొదలుపెట్టి తామర దగ్గరకు తిరిగి వస్తాను.

ఫంగస్‌కు మందు కనిపెట్టడం ఎందుకంత కష్టమో తెలియాలంటే చుట్టరికాలు చూడాలి. బ్యాక్టీరియా మనకు చాలా దూరం. దాని గోడ వేరు, ప్రొటీన్ తయారుచేసే యంత్రం వేరు. కాబట్టి దాన్ని కొట్టి మనల్ని వదిలేసే మందులు చాలానే దొరికాయి. ఫంగస్ అలా కాదు. జీవపరిణామం లెక్కలో గోంగూర కన్నా పుట్టగొడుగే మనకు దగ్గర చుట్టం. దాని కణంలో కేంద్రకం ఉంది, మన కణాల్లో ఉన్న యంత్రాలే దాదాపు అన్నీ ఉన్నాయి. దాన్ని చంపేది మనల్నీ ఎంతోకొంత బాధపెడుతుంది. తేడా ఉన్న కొద్ది చోట్లలో ముఖ్యమైనది కణపు పైపొర. మన కణాల పొరలో కొలెస్టరాల్ ఉంటే ఫంగస్ పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. వాడుకలో ఉన్న మందుల్లో చాలావరకు ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతాయి. టెర్బినఫిన్ ఎర్గోస్టెరాల్ తయారీలో తొలి మెట్ల దగ్గర అడ్డుపడుతుంది. ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్, మైకోనజోల్ లాంటి అజోల్ మందులు ఇంకొంచెం కింద, ఈఆర్‌జీ11 అనే జన్యువు తయారుచేసే ఎంజైమును పట్టుకుని కూర్చుంటాయి. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఊరూరా వెతుక్కున్న ఆంఫోటెరిసిన్ తయారీ జోలికి పోదు, తయారై పొరలో ఉన్న ఎర్గోస్టెరాల్‌నే లాగేస్తుంది.

అజోల్ గురించి ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. క్యాండిడాను అది సాధారణంగా చంపదు, ఎదగకుండా ఆపుతుంది. మిగతా పని మన రోగనిరోధక శక్తి చూసుకోవాలి. అంటే మందు తగిలాక కూడా ఆ కణం బతికే ఉంటుంది. బతికున్న కణానికి సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

ఆ సర్దుబాటు బెంగళూరులో అద్దెకుండే ఎవరికైనా సులువుగా అర్థమవుతుంది. ప్రతి బిల్డింగు కింద ఒక సంపు, పైన ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటాయి. ట్యాంకులో తేలుతూ ఒక ఫ్లోట్ ఉంటుంది. నీళ్లు నిండుగా ఉన్నంతసేపు అది పైన తేలుతుంది, మోటారు ఆగి ఉంటుంది. నీళ్లు తగ్గితే ఫ్లోట్ కిందికి దిగి మోటారు ఆన్ అవుతుంది. వాచ్‌మన్ మెట్లెక్కి చూడక్కర్లేదు.

ఈస్ట్ కణంలో ఆ ఫ్లోట్ పేరు యూపీసీ2. అదొక ప్రొటీన్. కణంలో ఎర్గోస్టెరాల్ చాలినంత ఉన్నప్పుడు ఒక ఎర్గోస్టెరాల్ అణువు దాని గూట్లో ఇమిడి ఉంటుంది, యూపీసీ2 కేంద్రకం బయట ఊరికే ఉంటుంది. అజోల్ వల్ల ఎర్గోస్టెరాల్ తగ్గితే ఆ గూడు ఖాళీ అవుతుంది, ప్రొటీన్ ఆకారం మారుతుంది, కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ ఈఆర్‌జీ11తో సహా ఎర్గోస్టెరాల్ తయారీ జన్యువులన్నిటి ముందూ వాలి వాటిని జోరుగా నడిపిస్తుంది. ఈ గూడు, ఖాళీ అవడం, ఆకారం మారడం, అన్నీ రొట్టె ఈస్ట్ ప్రొటీన్‌లో 2015లో స్పష్టంగా చూపించారు. ఫలితం ఏమిటంటే, మందు ఏ ఎంజైమును కట్టిపడేసిందో ఆ ఎంజైమునే కణం మరింత తయారుచేస్తుంది. పది మంది పోలీసులు పది మందిని పట్టుకుంటే, వీధిలోకి యాభై మంది దిగినట్టు. ఉన్న మందు చాలదు.

ఇదంతా జరగడానికి డీఎన్‌ఏలో ఒక్క అక్షరం కూడా మారలేదు. ఉన్న జన్యువు వేగం మాత్రమే పెరిగింది. 'జన్యువు పనితీరు మారింది' అన్నప్పుడు మేం చెప్పేది ఇదే, మ్యుటేషన్ (డీఎన్‌ఏ రాతే మారడం) గురించి కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం వస్తోందని నా అనుమానం.

రెండో ఏర్పాటు ఇంకా మొరటుది. వచ్చిన మందును బయటకు తోడేయడం. పెద్ద వాన పడినప్పుడు బేస్‌మెంట్ పార్కింగులోకి నీళ్లొస్తే మోటారు పెట్టి రోడ్డు మీదకు తోడతారు కదా, అలాంటిది. క్యాండిడా కణపు పొరలో ఇలాంటి పంపులు చాలా ఉన్నాయి. వాటిలో పేరున్నది సీడీఆర్1. దాన్ని 1995లో వెలికితీసిన బృందానికి ముందు నడిచినవారు ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీకి చెందిన రాజేంద్ర ప్రసాద్. ఈ రంగంలో ఎవరు ఏ పేపరు రాసినా ఆ జన్యువు పేరు రాక తప్పదు. దాని వెనక మన దేశపు శాస్త్రవేత్త ఉన్నారని మన పిల్లలకే తెలియదు. ఇది కాస్త పక్కకు పోయిన మాటే, చెప్పకుండా ఉండలేకపోయాను.

పంపు నడవాలంటే కణం శక్తి ఖర్చు పెట్టాలి. అందుకని మందు లేనప్పుడు సీడీఆర్1 మెల్లగా నడుస్తుంది. అవసరం వచ్చినప్పుడు ట్యాక్1 అనే మరో ప్రొటీన్ దాన్ని లేపుతుంది. క్యాండిడాకు దాయాది అయిన గ్లబ్రాటా అనే ఈస్ట్‌లో ఆ పని పీడీఆర్1ది. అది చాలా చిత్రంగా పనిచేస్తుందని 2008లో తేలింది. పీడీఆర్1 మందు అణువునే నేరుగా పట్టుకుంటుంది. మందు తనకు తగలడమే దానికి కాలింగ్ బెల్.

ఇక్కడ నా వాదనను నేనే కాస్త వదులు చేసుకోవాలి. మన కాలేయంలో కూడా ఇలాంటి కాలింగ్ బెల్ ఒకటి ఉంది. బయటి రసాయనాలు తగిలితే వాటిని విరిచే ఎంజైములను అది పెంచుతుంది. టీబీకి రిఫాంపిసిన్ వాడే మనిషికి ఇట్రాకొనజోల్ ఇస్తే, రిఫాంపిసిన్ కాలేయాన్ని లేపి పెట్టినందువల్ల ఇట్రాకొనజోల్ రక్తంలో నిలవదు. కాబట్టి 'మందు ఒంటికి అలవాటైంది' అన్న మాట పూర్తిగా తప్పని కొట్టిపారేయలేం. అలాంటి సందర్భాలున్నాయి. తామర క్రీము మాత్రం అందులోకి రాదు.

ఇవన్నీ ఎలా తెలుస్తాయి? కాలేజీ ఎదురుగా ఉండే జిరాక్స్ షాపును గుర్తుచేసుకోండి. లైబ్రరీలో రిఫరెన్స్ పుస్తకం బయటికివ్వరు, కావలసిన పేజీలు జిరాక్స్ తీయించుకోవాలి. కణం కూడా డీఎన్‌ఏ పుస్తకాన్ని కదలనివ్వదు, కావలసిన జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీస్తుంది. క్యాండిడా పుస్తకంలో ఇలాంటి పేజీలు దాదాపు 6,000. మందు వేయకముందు ఒకసారి, వేశాక కొన్ని గంటలకు ఒకసారి కణాలను పగలగొట్టి అందులోని నకళ్లన్నీ లెక్కపెడతారు. ఏ పేజీ కాపీలు గుట్టలు పడ్డాయో, ఏ పేజీని ఎవరూ అడగలేదో తెలుస్తుంది. దీన్ని ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ అంటారు.

అయితే పరీక్ష ముందురోజు జిరాక్స్ షాపు దగ్గర గుట్టలు పడ్డ పేజీలన్నీ పరీక్షలో వస్తాయా? రావు. కొన్ని టెన్షన్‌లో తీయించుకున్నవి. కణం సంగతీ అంతే. మందు వేశాక వందల జన్యువుల సంఖ్యలు అటూ ఇటూ అవుతాయి. వాటిలో చాలావరకు 'ఎదుగుదల ఆగింది, ఏదో కష్టం వచ్చింది' అన్న సాధారణ కంగారుకు గుర్తులు. ఉప్పు ఎక్కువ వేసినా, వేడి తగిలినా వాటిలో చాలా జన్యువులు అలాగే కదులుతాయి. ఏ జన్యువు పెరిగిందో, ఏది తగ్గిందో చెప్పే ఎరుపు, ఆకుపచ్చ గళ్ల పటం చూపించి 'ఇదిగో మందును తట్టుకునే జన్యువులు' అనేస్తే నేను నమ్మను. ఆ జన్యువును తీసేసి చూడాలి. తీసేశాక ఫంగస్ మందుకు లొంగితే అప్పుడు ఒప్పుకోవచ్చు. సీడీఆర్1 ఆ పరీక్ష నెగ్గింది, అందుకే దాని పేరు నిలిచింది.

నాకు ఇదంతా పుస్తకంలో కన్నా ప్లేటులో ఎక్కువ అర్థమైంది. క్యాండిడాను పరీక్షించే ప్లేటులో అగర్, అంటే ఈస్ట్ పెరిగే జెల్లీ, లేత నీలంగా ఉంటుంది, మిథిలిన్ బ్లూ కలుపుతాం కాబట్టి. దూదిపుల్లతో ఈస్ట్‌ను ప్లేటు నిండా అద్ది, పైన ఫ్లూకొనజోల్ పట్టించిన కాగితం బిళ్ల పెట్టి, ఇంక్యుబేటర్లో 35 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచుతాం. మర్నాడు తీస్తే ప్లేటంతా తెల్లగా పూత, బిళ్ల చుట్టూ మాత్రం శుభ్రమైన ఖాళీ గుండ్రం. స్కేలు పెట్టి కొలుస్తాం, మందు పనిచేస్తుందని రిపోర్టు రాస్తాం. అక్కడితో ప్లేటు పని అయిపోయినట్టే.

చేరిన కొత్తలో ఒకసారి ఆ ప్లేటును పారేయడం మరిచిపోయి ఇంకో రోజు ఇంక్యుబేటర్లో వదిలేశాను. తీసి వెలుతురులో పట్టుకుంటే, ఖాళీ గుండ్రం లోపల, అద్దం మీద నోటితో ఊదినట్టు, పలచని తెల్లపొర కనిపించింది. దగ్గరగా చూస్తే పొర కాదు, ఆవగింజలో పావంత కాలనీలు. కచ్చితంగా మ్యుటేషన్ వచ్చిన కణాలే అయి ఉంటాయనుకున్నాను. లూప్‌తో ఒక కాలనీ గీరి, కొత్త ప్లేటు మీద మళ్లీ మొదటి నుంచి పరీక్ష పెట్టాను. నిజంగా మ్యుటెంట్ అయితే ఈసారి గుండ్రం చిన్నదవ్వాలి. అవలేదు. మొదటి రోజు అదే పెద్ద ఖాళీ గుండ్రం, రెండో రోజు అదే పలచని పొర.

అంటే ఆ గుండ్రంలో బతికినవీ, చతికిలబడినవీ ఒకే తల్లి బిడ్డలు, ఒకే డీఎన్‌ఏ. ఒక్కొక్క కణంలో ఆ క్షణానికి ఏ జన్యువు ఎంత నడుస్తోందన్నదాన్ని బట్టి కొన్ని మెల్లగా ఎదిగాయి, కొన్ని ఆగిపోయాయి. దీన్ని టాలరెన్స్ (తట్టుకోవడం) అంటారు, రెసిస్టెన్స్ (లొంగకపోవడం) అనరు. 2018లో జూడిత్ బెర్మన్ బృందం క్యాండిడాలో ఈ రెండింటినీ విడదీసి చూపించింది. రిపోర్టులో అంకె రెసిస్టెన్స్ ఒక్కదాన్నే చెబుతుంది. 24 గంటలకు ప్లేటు తీసేస్తాం కాబట్టి ఆ తెల్లపొర ఎవరి కంటా పడదు.

టాలరెన్స్ వెనక ఉన్నవాటిలో ముఖ్యమైనది హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రొటీన్. మిగతా ప్రొటీన్లు వంకరపోకుండా నిలబెట్టడం దాని పని. అది నిలబెట్టేవాటిలో కాల్సిన్యూరిన్ అనే సంకేత ప్రొటీన్ ఒకటి. కణం కష్టంలో ఉన్నప్పుడు గోడను, పొరను బాగుచేసే జన్యువులకు కబురు పంపేది అదే. లియా కోవెన్, సూసన్ లిండ్‌క్విస్ట్ 2005లో చూపించింది ఏమిటంటే, హెచ్‌ఎస్‌పీ90 పని తగ్గిస్తే ఈస్ట్‌లో చాలా రకాల మందు నిరోధకత కుప్పకూలుతుంది. ఇంత బాగున్నదాన్ని మందుగా ఎందుకు మార్చలేదంటారా? చుట్టరికం మళ్లీ అడ్డం వచ్చింది. మనకూ హెచ్‌ఎస్‌పీ90 ఉంది.

కాస్పోఫంజిన్ లాంటి మందులు ఇంకో చోట, ఫంగస్ గోడలోని గ్లూకాన్ మీద దెబ్బ కొడతాయి. అప్పుడు ఇవే సంకేతాలు లేచి గోడలో కైటిన్‌ను పెంచుతాయి. రొయ్య పొట్టులో ఉండే పదార్థమే ఇది. ఇటుక దొరక్కపోతే రాయితో కట్టుకున్నట్టు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మందు ఆపితే సద్దుమణిగేవి. మరి 'ఇక ఈ మందు ఎప్పటికీ పనిచేయదు' అన్న స్థితి ఎలా వస్తుంది? చాలాసార్లు కొత్త ఆయుధం ఏదీ పుట్టదు. పాత స్విచ్ ఇరుక్కుపోతుంది, అంతే. ట్యాంకులో ఫ్లోట్ కింది వైపే ఇరుక్కుంటే ట్యాంకు నిండి పొర్లిపోతున్నా మోటారు ఆగదు. ట్యాక్1లోనో యూపీసీ2లోనో పీడీఆర్1లోనో ఒక్క అక్షరం మారితే ఇదే జరుగుతుంది. మందు ఉన్నా లేకున్నా పంపులో, ఎర్గోస్టెరాల్ తయారీ జన్యువులో పూర్తి వేగంతో నడుస్తూనే ఉంటాయి. ఆసుపత్రుల్లో అజోల్‌కు లొంగని క్యాండిడా తెచ్చి చూస్తే ఇలాంటి ఇరుక్కుపోయిన స్విచ్‌లు తరచుగా కనిపిస్తాయి. తాత్కాలిక సర్దుబాటు కణాన్ని బతికించి ఉంచుతుంది, బతికిన కణం విభజన చెందుతుంది, ప్రతి విభజనా ఒక మ్యుటేషన్‌కు అవకాశం. ఫంగస్ ఏదీ 'నేర్చుకోదు'. ఎవరికి లాటరీ తగులుతుందో ఎవరికీ తెలియదు, కానీ టికెట్లు కొంటూ ఉండే గడువు మాత్రం ఆ మొదటి సర్దుబాటు వల్లే దొరుకుతుంది.

తాత్కాలికానికీ శాశ్వతానికీ మధ్య ఇంకో దొడ్డిదారి ఉంది. నాకు బాగా నచ్చే భాగం ఇదే. మోటారు వేగం పెంచలేకపోతే ఇంకో మోటారు తెచ్చుకోవచ్చు. క్యాండిడా ఆల్బికాన్స్‌లో 8 జతల క్రోమోజోములు ఉంటాయి. ఈఆర్‌జీ11, ట్యాక్1 రెండూ అయిదో క్రోమోజోము ఎడమ చేతి మీదే ఉన్నాయి. అజోల్‌కు లొంగని కొన్ని కణాల్లో ఆ ఎడమ చేతులు రెండు అద్దంలో బొమ్మల్లా అతుక్కుని ఒక అదనపు క్రోమోజోముగా తయారయ్యాయని 2006లో కనుక్కున్నారు. దాంతో మందు పట్టుకునే ఎంజైమూ, పంపుల స్విచ్చూ ఒకేసారి పెరుగుతాయి. మెదడు పొరల్లో చేరే క్రిప్టోకాకస్ కూడా ఫ్లూకొనజోల్ ఎదురైనప్పుడు మొదటి క్రోమోజోమును రెండు చేసుకుంటుంది. మందు ఆపితే అదనపుదాన్ని వదిలేసి మామూలైపోతుంది. క్రోమోజోములు పంచుకునేటప్పుడు ఈ పొరపాట్లు ఎందుకు జరుగుతాయో తెలియాలంటే ముందు అవి సరిగ్గా ఎలా విడిపోతాయో తెలియాలి. మన జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో కౌస్తువ్ సన్యాల్ ల్యాబు క్యాండిడా, క్రిప్టోకాకస్ క్రోమోజోముల మీద ఏళ్ల తరబడి చేసిన పని అదే. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా, ఇంకొంత దూరంలోనే ఇంత సూక్ష్మమైన పని నడిచిందని గుర్తొస్తుంటుంది.

మ్యూకర్ సంగతి మరీ వింత. బ్లాక్ ఫంగస్ తెచ్చే కుటుంబంలోది ఇది. టాక్రోలిమస్ అనే మందు ఫంగస్‌లో ఒక ప్రొటీన్‌ను పట్టుకుని, దాని సాయంతో కాల్సిన్యూరిన్‌ను ఆపుతుంది. ఆ మందులో పెంచిన మ్యూకర్ కాలనీల్లో కొన్ని హాయిగా ఎదిగాయి. జన్యువు చదివి చూస్తే కొన్నిట్లో మార్పేమీ లేదు. ఏం చేశాయంటే, మందు పట్టుకునే ఆ ప్రొటీన్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ నకళ్లను చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో వెతికి పట్టి నాశనం చేస్తున్నాయి. పేజీ పుస్తకంలోనే ఉంది, జిరాక్స్ తీయగానే చింపేస్తున్నారన్నమాట. మందు లేని ప్లేటు మీద కొన్ని తరాలు పెంచితే ఆ చింపడం ఆగిపోయింది, ఫంగస్ మళ్లీ మందుకు లొంగింది. 2014లో వచ్చిన ఈ పనికి వాళ్లు పెట్టిన పేరు ఎపిమ్యుటేషన్. డీఎన్‌ఏ ఒక్కటే చదివే పరీక్షలకు ఇలాంటిది దొరకదు.

మాది అనంతపురం జిల్లా. నాన్న వేరుశనగ వేస్తాడు. తిక్క ఆకుమచ్చ తెగులు కనబడితే మా వైపు కొట్టే మందుల్లో టెబుకొనజోల్, హెక్సాకొనజోల్ ఉంటాయి. చిన్నప్పుడు ఆ డబ్బాలు మోసినవాణ్ణే, పేరు చివర 'కొనజోల్' అన్న తోక ఎందుకుందో ల్యాబుకొచ్చాక గానీ తట్టలేదు. పొలం మందూ, ఆసుపత్రి మందూ ఒకే కుటుంబం, ఒకే ఎంజైము మీద కూర్చుంటాయి. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు నేలలో, కుళ్లే ఆకుల్లో బతుకుతుంది. దాని బీజాలు మనం రోజూ పీలుస్తూనే ఉంటాం. బలహీనంగా ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో అది ప్రాణాల మీదకు తెస్తుంది. జన్మలో అజోల్ మాత్ర వేసుకోనివాళ్లలో కూడా అజోల్‌కు లొంగని ఆస్పర్‌జిల్లస్ దొరకడం మొదలైంది. నెదర్లాండ్స్‌లో మొదట గమనించిన ఆ రకం 2012 నాటికి మన దేశపు నేలల్లోనూ కనబడింది. దాని పేరు టీఆర్34. ఎంజైములో ఒక అమైనో ఆమ్లం మారింది, నిజమే. దానికి తోడు జన్యువు ముందున్న స్విచ్ ప్రాంతంలో 34 అక్షరాల ముక్క రెండుసార్లు వచ్చింది. ఆస్పర్‌జిల్లస్‌లో ఫ్లోట్ పని చేసే ప్రొటీన్ వాలే చోటు ఆ ముక్కలోనే ఉంది. వాలే చోటు రెండయింది, జన్యువు జోరు పెరిగింది. మందు తగిలినప్పుడు కాసేపు చేసుకునే సర్దుబాటునే ఇక్కడ రాతలో పెట్టేసుకుంది. అలాగని నాన్నను తప్పుపట్టలేను, తెగులు సోకిన చేను చూసినవాడెవడూ పట్టలేడు. కానీ పొలంలో ఏం కొట్టాలో ఒక శాఖ, ఆసుపత్రిలో ఏం వాడాలో ఇంకో శాఖ నిర్ణయిస్తే ఆస్పర్‌జిల్లస్‌కు ఆ శాఖల గోడలు కనబడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో 19 ఫంగస్‌లతో మొదటిసారి ప్రమాద జాబితా వేసింది. అందులో అన్నిటికన్నా పై వరసలో పెట్టిన నాలుగింటిలో ఇదొకటి.

ఇక తామర. మన దేశంలో గత పదేళ్లుగా మొండిగా తయారైన తామర వెనక ఎక్కువగా ఉన్న ఫంగస్‌ను 2020లో వేరే జాతిగా గుర్తించి ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టారు. పేరులో మన దేశం ఉందని మురిసిపోవడానికేం లేదు. టెర్బినఫిన్ కూర్చునే ఎంజైములో 397వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారిన రకాలు ఇందులో చాలా ఎక్కువ. ఆ ఒక్క మార్పుతో టెర్బినఫిన్‌కు పట్టు దొరకదు. అజోల్ విషయంలో మాత్రం కొన్ని రకాలు క్యాండిడా దారే పట్టాయి. అజోల్ దెబ్బ తినే ఎంజైము జన్యువును వరసగా రెండు, మూడు, ఇంకా ఎక్కువ కాపీలు చేసుకున్నాయని 2022లో తేలింది. తామర ఫంగస్‌లోనూ మందు తగలగానే తోడే పంపుల జన్యువులు పెరుగుతాయని దీని అన్నలాంటి రూబ్రం జాతిలో ముందే చూశారు.

మా వాడి నడుము మీద ఏం జరిగిందో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. వారం పూసి, దురద తగ్గగానే ఆపడం. అంటే చంపడానికి చాలనంత, స్విచ్‌లు లేపడానికి సరిపోయేంత మందు. స్టెరాయిడ్ వల్ల కాపలా లేదు. పదిరోజుల విరామం, తడి జీన్స్, గదిలో ముగ్గురికీ ఒకటే బకెట్, ఒకటే తాడు. మళ్లీ వారం. ఏడాదిన్నరలో అలా ఎన్నిసార్లు చేశాడో వాడికే లెక్క లేదు.

చర్మం డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. అంచు దగ్గర పొలుసు గీరి కల్చర్‌కు పంపారు. తామర ఫంగస్ క్యాండిడాలా ఒక రాత్రిలో లేవదు, వారాలు పడుతుంది. రిపోర్టు వచ్చేసరికి వాన తగ్గింది. టెర్బినఫిన్ ఎదురుగా 'లొంగదు' అని ఉంది. డాక్టరు వేరే మాత్ర రాసి, మచ్చ పోయాక కూడా చెప్పేదాకా ఆపొద్దని, క్రీము ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు.

నెల తర్వాత ఫోన్ చేసి ఆ ట్యూబు ఏం చేశావురా అని అడిగాను.

"ఇంకో కొత్తది కొని పెట్టుకున్యాను కదన్నా, ఊరికే పారేయడం ఎందుకని రూమ్మేట్‌కు ఇచ్చినా. వాడికీ మొదలైంది."